నిజ్వాలో చావని దుర్యోధనుడు

ఒమాను రాజుగారు నా వేషం గొప్పతనం విని, ఓడ టిక్కెట్టు పంపించి మరీ తమ దేశానికి పిలిపించుకున్నారని మీలో కొందరు వినే ఉంటారు. ఆ కబురు మా ఊరి టీకొట్టు బల్ల మీద పుట్టింది. పుట్టించినవాణ్ణి నేనే. మొదట్లో మంత్రిగారు పిలిపించారని మాత్రమే చెప్పాను. వినేవాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటుంటే మంత్రిని దారిలోనే దించేసి రాజుగారి దాకా వెళ్ళిపోయాను.

నిజమేమిటంటే నన్ను ఎవరూ పిలవలేదు. మా ఊరు నన్ను పంపించింది. ఇంకా నిజం చెప్పాలంటే తరిమింది.

మా ఊరు చిత్తూరు జిల్లాలో, అరవదేశం అంచున. ఇటు పొలంలో తెలుగు తిట్లు, అటు పొలంలో అరవ తిట్లు వినిపించేటంత అంచున. ఏటా ఎండాకాలంలో ద్రౌపదమ్మ గుడి ముందు పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి కూత్తు, అంటే అరవ వీధి భాగోతం, ఆఖరి రోజు ఉదయం దుర్యోధన వధ. మైదానంలో నలభై అడుగుల మట్టి దుర్యోధనుణ్ణి వెల్లకిలా పడుకోబెడతారు. దాని తొడలో కుంకుమ నీళ్ళ కుండ దాస్తారు. వేషం కట్టిన దుర్యోధనుడు ఆ మట్టి బొమ్మ చుట్టూ మూడు సార్లు పరుగెత్తుతాడు, భీముడు గదతో మట్టి తొడను కొడతాడు, కుండ పగులుతుంది, వేషగాడు బొమ్మ పక్కనే కూలిపోతాడు. అప్పుడు ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంది. ఊరి ఆడవాళ్ళు ఏడుస్తారు. ద్రౌపది కోసం కాదు, దుర్యోధనుడి కోసం. పద్దెనిమిది రోజులు వాణ్ణి తిట్టినవాళ్ళే ఆ పూట వాడి కోసం ఏడవాలి. అది మా ఆచారం.

ఇరవై రెండేళ్ళు ఆ ఏడుపు తెప్పించినవాడు ఏకాంబరం వాద్యార్. వాద్యార్ అంటే అరవంలో గురువు. ఆర్కాటు వైపు మనిషి. పన్నెండో ఏట ద్రౌపది వేషంతో గజ్జె కట్టాడు. మీసం వచ్చాక అర్జునుడు, గొంతు ముదిరాక దుర్యోధనుడు. మిగిలిన కాలమంతా ఊరూరా తిరిగి, చదువురాని రైతులకు ఆటలు నేర్పడమే పని. మూడు నెలలు ఒక ఊళ్ళో ఉండి, వాళ్ళు పెట్టింది తిని, వాళ్ళ చేత పద్యం పలికించి, అడుగు వేయించి, అమ్మవారి ముందు ఆడించి, మరో ఊరు వెళ్ళేవాడు. కాగితం ముట్టుకునేవాడు కాదు. భారతమంతా ఆయన నాలుక మీద ఉండేది.

ఆయన పక్కన కట్టియకారుణ్ణి నేను. అంటే కుచ్చుటోపీ పెట్టుకుని, చేత కర్ర పట్టుకుని, తెర వెనకనుంచి వచ్చే ప్రతి రాజునూ "ఎవర్రా నువ్వు?" అని అడిగే హాస్యగాణ్ణి. ఆ టోపీ నెత్తిన ఉన్నంతసేపు నేను ఎవరినైనా, ఏమైనా అనవచ్చు. ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. అదీ ఆచారమే.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది వేసవిలో, వధ రోజున, మూడో చుట్టులో వాద్యార్ మోకాలు పట్టేసింది. ఒక్క క్షణం ఆగాడు. నా నోరు ఆగలేదు. "మహారాజా, భీముడెందుకు? తమరి మోకాళ్ళే తమర్ని చంపేట్టున్నాయి!" అన్నాను.

మైదానమంతా ఘొల్లున నవ్వింది. భీముడు నవ్వాడు. ద్రౌపది నవ్వింది. తొడ పగిలినప్పుడు కూడా జనం నవ్వుతూనే ఉన్నారు. ఒక్క ఆడమనిషి ఏడవలేదు. వాద్యార్ లేచి, కిరీటం విప్పి, గజ్జెలు అమ్మవారి గుడి గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు. నెల తర్వాత తెలిసింది, ఒమానులో ఏదో కంపెనీలో వంటమనిషిగా చేరాడని.

ఊరి పెద్దలు నన్ను పిలిచి ఒకటే మాట అన్నారు. "వచ్చే భారతానికి ఆయన రావాల. రాకపోతే నీ టోపీ గుడిలో పెట్టేసి పో." నా మేనల్లుడు మస్కట్‌లో గుమాస్తా. వాడు కాగితం పంపించాడు. నేను వాద్యార్ గజ్జెలు పంచెలో చుట్టుకుని బొంబాయిలో ఓడెక్కాను.

మత్రా రేవులో నా నాట్యం

ఓడ ప్రయాణంలో తుఫాను వచ్చి, అందరూ దేవుళ్ళకు మొక్కుకుంటుంటే నేను మాత్రం పద్యాలు పాడి ధైర్యం చెప్పానని మా ఇంట్లో చెప్పాను. సముద్రం పళ్ళెంలో పాలలా ఉంది. వాంతులు చేసుకున్నవాణ్ణి ఆ డెక్కు మీద నేనొక్కణ్ణే. నా పక్కన చాప పరుచుకున్న మలబారు ముసలమ్మ నాలుగు రోజులూ నాకు నిమ్మకాయ వాసన చూపించింది.

మత్రా రేవు చూడగానే భలే అనిపించింది. నల్లటి కొండలు, వాటి ఒళ్ళో తెల్లటి ఇళ్ళు, నెత్తిన కోట. ఒక్క చెట్టు లేదు. మా తిరుత్తణి కొండను ఎవరో పెనం మీద వేయించి ఇక్కడ పెట్టినట్టుంది.

కస్టమ్సులో నా సంచి విప్పించారు. పంచె మడత విప్పగానే గజ్జెలు గలగలమన్నాయి. ఒక్కో కాలికి నూరేసి కంచు మువ్వలు. ఆఫీసరు ఒక మువ్వ చెవి దగ్గర ఊపి చూశాడు, పగలగొడితే లోపల ఏముంటుందోనని ఆలోచించాడు. నాకు అరబ్బీ రాదు, ఆయనకు అరవం రాదు. ఇక గత్యంతరం లేక కాలికి కట్టుకుని, ఆ సిమెంటు నేల మీద నాలుగడుగులు వేసి చూపించాను. హాలు మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

హాలు మొత్తం ముందునుంచే నిలబడి ఉంది, వరసలో. చప్పట్లు కొట్టింది మూటలు మోసే ఒక బలూచీ అతను. కానీ బాగా కొట్టాడు. ఆఫీసరు తల అడ్డంగా ఊపి సంచి మీద సుద్దతో గీత గీశాడు.

బజారులో మన ఇళ్ళలో శుక్రవారం ధూపం వేసే సాంబ్రాణి లాంటిది బస్తాలకు బస్తాలు పోసి అమ్ముతున్నారు. దాని మంచి రకం నీళ్ళలో నానేసి తాగుతారట. టీ యాభై బైసాలు, మన లెక్కలో రూపాయి పైమాటే. మా ఊళ్ళో పావలాకు బిస్కెట్టు కూడా ఇస్తారు. ఆ రోజు ఆ టీని ఎంత చిన్న గుక్కలతో తాగానంటే, కొట్టతను వచ్చి కప్పులో ఏమైనా పడిందా అని తొంగి చూశాడు.

ఖాదర్‌బాషా బండి

వాద్యార్ నిజ్వా క్యాంపులో ఉన్నాడని మేనల్లుడు వాకబు చేసి పెట్టాడు. అక్కడికి కంపెనీ సామాను బండి వెళుతుంటే అందులో ఎక్కించాడు. నడిపేవాడు ఖాదర్‌బాషా, మన కడప మనిషి. ఎక్కిన అరగంటకే, వెనకనుంచి కిటికీలో తల దూర్చి, రాజుగారి పిలుపు గురించి చెప్పాను. స్టీరింగు మీదనుంచి చేయి తీయకుండా నా వైపు చూశాడు.

"రాజుగారు పిలిచింటే ఈ ఇనుప చువ్వల మింద యాల కూచుంటివి పెద్దాయనా? ముందర సీట్లో కూచోబెట్టమని చెప్పింటాడు గదా."

"మాట మరిచిపోయినాడేమో."

"సర్లే. నిజంగా యాడికి?"

చెప్పేశాను. అతను బ్రేకు వేసినంత పని చేశాడు.

"మన క్యాంపు వంటాయన కోసమా! ఆయన నాటకం ఆడతాడని తెల్దు నాకు. పప్పు గరిటె ఎత్తినాడంటే మాత్రం మనిషి గుండె ఝల్లుమంటాది. మొన్న ఒకడు సాంబారులో ఉప్పు తక్కువన్యాడు. ఆయప్ప గరిటె ఇట్లా భుజం మింద పెట్టుకోని, మూడడుగులు ఎనక్కేసి, ఒక్క చూపు చూసినాడు సామీ! ఆ పిల్లోడు ఉప్పు లేకుండానే రెండు ప్లేట్లు తినేసినాడు."

నా కళ్ళు చెమర్చాయి. అది దుర్యోధనుడు కొలువులోకి వచ్చే అడుగు. గజ్జెలు గడప మీద పెట్టాడే గానీ అడుగును కూడా తెచ్చుకున్నాడన్నమాట.

దారి పొడుగునా కొండలే. నడుమ నడుమ ఖర్జూరపు తోటలు. ఒకచోట బండి ఆపి నీళ్ళు తాగాం. రాతి కాలువలో తేటగా పారుతున్నాయి. ఫలజ్ అంటారట. కొండ అడుగున ఊట పట్టుకుని, మైళ్ళ దూరం నేల కింద నడిపించి, ఇంటింటికీ వంతు ప్రకారం పంచుతారు. మన ఊటకాలువే. వంతు తగాదాలు కూడా మనలాగే ఉంటాయా అని అడిగాను. "నీళ్ళున్నచోట మనుషులుంటే తగాదా ల్యాకుండా ఎట్లుంటాది?" అన్నాడు ఖాదర్.

గరిటె పట్టిన రారాజు

నిజ్వాలో గుండ్రటి కోట ఒకటుంది. దాని గురించి చదువుకున్నవాళ్ళు రాస్తారు. నేను దానికి వీపు చూపించి, ఊరి బయట వాగు ఒడ్డున ఉన్న రేకుల క్యాంపులోకి వెళ్ళాను.

వాద్యార్ పొయ్యి దగ్గర ఉన్నాడు. లుంగీ, బనియను, భుజాన గరిటె. నన్ను చూశాడు. పళ్ళెంలో అన్నం పెట్టి, చారు పోసి, నా ముందుకు తోశాడు.

"తిను."

తిన్నాను. చారు అద్భుతంగా ఉంది. ఆ మాట అన్నాను.

"పొగడొద్దు. ఎవరు పంపించినారు?"

"ఊరి పెద్దలు."

"నువ్వుగా రాలేదా?"

"నేనుగానే వచ్చినా."

"డేయ్ కట్టియా."

"సగం నేనుగా వచ్చినా, వాద్యారే."

గజ్జెలు తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన వాటిని ముట్టుకోలేదు. చేతులు లుంగీకి తుడుచుకుని, గరిటెతో పంచె కొస ఎత్తి మళ్ళీ కప్పేశాడు.

అప్పుడు లోపలికి వచ్చినవాళ్ళను చూసి నేను బిత్తరపోయాను. కరీంనగరం వైపు మేస్త్రీలు, కూలీలు, ఓ పాతికమంది. డ్యూటీ దిగి, కాళ్ళు కడుక్కుని, అన్నానికి కాదు, పాఠానికి వచ్చి వరసగా నిలబడ్డారు. వాద్యార్ ఇక్కడా ఊరుకోలేదు. నాలుగు నెలలుగా వాళ్ళకు దుర్యోధన వధ నేర్పుతున్నాడు!

మా దగ్గర కొత్తవాడికి కిరీటం బరువు అలవాటు కావడానికి నెల పడుతుంది. నెత్తిన నీళ్ళ బిందె పెట్టి నడిపిస్తాం. మెడ వణుకుతుంది, బిందె పడుతుంది, వాద్యార్ బెత్తం చీలమండ మీద పడుతుంది. ఇక్కడ ఆ పనే లేదు. రోజంతా సిమెంటు తట్టలు మోసిన మెడలు. కిరీటం పెడితే గుడి గోపురం మీద కలశంలా నిలబడింది.

"ఇరవై ఊళ్ళలో నేర్పినా," అన్నాడు వాద్యార్ నాతో, మొదటిసారి నా మొహంలోకి చూస్తూ. "ఇట్లాంటి మెడలు యాడా దొరకలేదు. నోరే కష్టం. పద్యం ఒకరకంగా చెప్తే ఇంకోరకంగా పలుకుతారు."

భీముడి వేషం మల్లయ్య మేస్త్రీది. మనిషి ముప్పై ఏళ్ళ లోపే, గోడంత ఉన్నాడు. "ఏంది బాపు గట్లంటవ్? మా ఊళ్ళె మేం గట్లనే మాట్లాడుతం. భీముడు కరీంనగరం వస్తే మాలెక్కనే మాట్లాడుతుండె."

వాద్యార్ గరిటె దించాడు. "సరే, అట్లనే పలుకు," అన్నాడు. మా ఊళ్ళో అయితే ఆ మాటకు బెత్తం విరిగేది.

ద్రౌపది ఒక ప్లంబరు. శకుని స్టోరు గుమాస్తా. దుర్యోధనుడి వేషం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఎందుకని అడిగితే మల్లయ్య నా చెవిలో చెప్పాడు. "అడిగితే బాపు పొయ్యి దిక్కు సూస్తడు తాతా. మేం మల్లడుగలే."

మేకల సంత

శుక్రవారం సెలవు. పొద్దున్నే క్యాంపుకు మేక కొనడానికి వాద్యార్ సంతకు బయల్దేరితే వెంటపడ్డాను. మన సంతలో పశువులు కట్టేసి ఉంటాయి, మనం తిరుగుతాం. ఇక్కడ మనుషులు గుండ్రంగా నిలబడి ఉంటారు, అమ్మేవాడు మేకను పట్టుకుని వాళ్ళ మధ్య చుట్టూ తిప్పుతూ ధర అరుస్తాడు. నచ్చినవాడు చేయెత్తి ఆపి, పళ్ళు చూసి, కాళ్ళు నొక్కి చూస్తాడు. ముఖ్యంగా మోకాళ్ళు.

అక్కడ ఖల్ఫాన్ అనే పెద్దాయన వాద్యార్‌ను పలకరించాడు. తెల్ల గడ్డం, నడుముకు వంకీ కత్తి. క్యాంపు పక్క ఖర్జూరపు తోట, వాగు ఒడ్డు ఆయనవే. కుర్రతనంలో బొంబాయిలో ఖర్జూరాల వ్యాపారం చేశాడట, హిందీ నాకన్నా బాగా మాట్లాడతాడు. మేము కొనబోయిన మేక మోకాలు ఆయనే నొక్కి చూసి పెదవి విరిచాడు. "యే నహీఁ చలేగా. పనికిరాదు, ముసలిది."

వాద్యార్ ఆ మేక వంక చూశాడు. "నన్ను ఈ చుట్టులో తిప్పితే ఎవరూ కొనరురా కట్టియా," అన్నాడు.

నమ్మండి, ఇది కల్పించి చెబుతున్నది కాదు. క్షమించమని అడగడానికి నాలుగు రోజుల ఓడలో మంచి మాటలు సిద్ధం చేసుకున్నాను. వాటిలో ఒక్కటీ ఆ మేక ముందు పనికి రాలేదు.

"తప్పయిపోయింది," అన్నాను.

"మోకాళ్ళ మాట తప్పు కాదు. అది నిజమే. ఇరవై రెండేళ్ళు ఆ ఒక్క ఏడుపు కోసం పరుగెత్తినా. అది నువ్వు తీసుకుంటివి."

మేక కొన్నాం, వేరేది. తిరిగి వస్తూ దారిలో ఆయన చెప్పాడు. "వచ్చే శుక్రవారం ఇక్కడ వధ ఆడతాం. దుర్యోధనుడు నువ్వు. కట్టియకారుణ్ణి నేను. నువ్వు పడిపోయినాక ఒక్కరన్నా ఏడిస్తే, వైశాఖంలో నీ వెంట ఊరికి వస్తా. ఏడవకపోతే నీ టోపీ నాకిచ్చేసి పో. ఇక్కడ ఆడుకుంటా."

నేను భయపడినట్టు ముఖం పెట్టాను. లోపల మాత్రం గంతులు వేస్తున్నాను. ముప్పై ఏళ్ళు రాజుల పక్కన టోపీ పెట్టుకుని నిలబడినవాడికి ఒక్కసారి కిరీటం పెట్టుకోవాలని ఉండదా? ఆ కోరిక మా ఆవిడకు కూడా చెప్పలేదు.

సిమెంటు రారాజు

శనివారం అందరికీ కంకణం కట్టి, వారం రోజులు మాంసం ముట్టకూడదన్నాడు వాద్యార్. క్యాంపు అట్టుడికింది. "బాపు, వారానికొక్కనాడు మేకకూర. గదీ బందు వెడితే ఎట్ల?" అని మల్లయ్య మొత్తుకున్నాడు. గరిటె భుజం మీదికెక్కింది. అందరూ పప్పు తిన్నారు.

వాగు ఒడ్డున బొమ్మ చేయడానికి ఖల్ఫాన్‌ను అడగడానికి వెళ్ళాం. ఆయన చాప మీద కూర్చోబెట్టి ఖర్జూరం, హల్వా పెట్టి, చిన్న కప్పుల్లో కాఫీ పోశాడు. కప్పు ఖాళీ అయితే మళ్ళీ పోస్తాడు. నేను పద్నాలుగు కప్పులు తాగాను. ఆరు. చాలనుకుంటే కప్పు అటూ ఇటూ ఊపాలని వాద్యార్ ఆరో కప్పు తర్వాత గానీ చెప్పలేదు. కావాలనే.

ఖల్ఫాన్ అంతా విని గడ్డం నిమిరాడు. "మట్టితో ఆడుకోండి. కానీ నేను జుమ్మా నమాజుకు వెళ్ళేలోపు నా నేల మీద ఆ మనిషి ఆకారం మిగలకూడదు."

"పగలగొట్టడమే మా ఆట," అన్నాడు వాద్యార్.

గురువారం సాయంత్రం మేస్త్రీలు బొమ్మ చేశారు. ఏం చేశారండీ! మా ఊరి కుమ్మర్లు తల దించుకోవాలి. ముక్కు, మీసం, భుజకీర్తులు, పొట్ట మీద మడతలు. తొడ నున్నగా, తాపీ వేసి దిద్దినట్టు.

నిజంగానే తాపీ వేసి దిద్దారు.

శుక్రవారం ఉదయం నాకు పాలడబ్బా రేకుల కిరీటం పెట్టి, కొబ్బరినూనెలో కలిపిన ఎర్ర రంగు ముఖానికి పూశారు. ఇద్దరు దుప్పటిని తెరగా పట్టుకున్నారు. అవతల అరవై మంది, ఖాదర్‌బాషా, పేము మోడా మీద ఖల్ఫాన్. కుచ్చుటోపీలో, నా టోపీలో, వాద్యార్.

"ఎవర్రా నువ్వు, తెర వెనక?"

"అస్తినాపురాధీశుణ్ణి!" అని గర్జించాను.

"అట్లనా? మొన్న ఒకాయన ఒమాను రాజుగారి చుట్టమని చెప్పుకుంటా సామాను బండిలో ఇనుప చువ్వల మింద వచ్చినాడు. నువ్వు ఆయనేమో అనుకుంటి!"

ఖాదర్‌బాషా కడుపు పట్టుకుని వంగిపోయాడు. తెర తీశారు. నా ముఖం రంగు కన్నా ఎర్రగా ఉండి ఉంటుంది. ఆ తర్వాత గంటసేపు వాద్యార్ నన్ను వదల్లేదు. ఓడ వాంతులు, ఆరు కప్పుల కాఫీ, యాభై బైసాల టీ, వారంగా నేను వాగినవన్నీ వచ్చాయి. ఆయన ఇంత నవ్వించగలడని ఇరవై రెండేళ్ళలో నాకు తెలియదు. టోపీ నా నెత్తిన ఉంది కాబట్టి తెలియలేదు.

పరుగు మొదలైంది. మొదటి చుట్టు బాగానే వెళ్ళాను. రెండో చుట్టులో ఊపిరి అందలేదు. మూడో చుట్టులో, సరిగ్గా బొమ్మ తల దగ్గర, నా కుడి మోకాలు మడతపడింది.

ఆగిపోయాను. అరవై మంది వాద్యార్ వంక చూశారు. నేనూ చూశాను. నా మాట నాకే తిరిగి వస్తుందని నాకు తెలుసు. ఆయన నోరు తెరిచాడు కూడా.

మూసేశాడు. కర్ర దించి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, పక్కకు తప్పుకుని నిలబడ్డాడు.

ఆ నిశ్శబ్దంలో మిగిలిన సగం చుట్టు కుంటుకుంటూ పూర్తి చేశాను. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒక కూలీ తువ్వాలు ముఖం దగ్గరికి తీసుకున్నాడు. ఏడుపు వస్తోంది, వచ్చేస్తోంది! భీముడు గద ఎత్తి బొమ్మ తొడ మీద శక్తికొద్దీ కొట్టాడు. ఆచారం ప్రకారం నేను కూలిపోయాను.

ఠంగుమంది. గద రెండు ముక్కలైంది.

"మల్లయ్యా," అన్నాడు వాద్యార్ మెల్లగా, "దీంట్లో ఏం కలిపినావురా?"

"ఇసుక నిలుస్తలేదు బాపు. గందుకే రెండు సంచులు సిమెంటు కలిపిన. రాత్రంత నీళ్ళు గూడ కొట్టిన." భీముడు విరిగిన గద పట్టుకుని, మేస్త్రీ గర్వం దాచుకోలేక, "గిది కూలదు బాపు. నాది గ్యారంటీ," అన్నాడు.

నవ్వు ఎలా వచ్చిందంటే, తువ్వాలు పట్టుకున్న కూలీ ఆ తువ్వాలును నోట్లో కుక్కుకున్నాడు. దుప్పటి పట్టుకున్నవాళ్ళు దుప్పటి వదిలేశారు. ఖల్ఫాన్ మాత్రం సూర్యుణ్ణి చూసి, లేచి నిలబడి, "జుమ్మా," అన్నాడు.

సుత్తులు, గడ్డపారలు వచ్చాయి. కుండ పగిలి, ద్రౌపది జుట్టు ముడివేసే దాకా కూలిన దుర్యోధనుడు లేవకూడదు. నేను ఎండలో, రేకు కిరీటంతో, వెల్లకిలా పడి ఉన్నాను. నా పక్కన, నా సిమెంటు తొడ మీద పాతికమంది మేస్త్రీలు సమ్మెట దెబ్బలు వేస్తున్నారు. దెబ్బ దెబ్బకూ నవ్వుతున్నారు. చివరికి ఖల్ఫాన్ కూడా అంగీ ఎగదోపుకుని ఒక గడ్డపార అందుకున్నాడు. ముప్పావుగంట. నా చావుకు అందరూ ముప్పావుగంట నవ్వారు.

అక్కడ పడుకుని ఉంటే తెలిసింది, నేను వాద్యార్‌కు చేసిందేమిటో.

కుండ పగిలింది. ప్లంబరు ద్రౌపది కుంకుమ నీళ్ళు తలకు రాసుకుని ముడి వేసుకుంది. ఆయాసపడుతూ గడ్డపార ఆనుకుని నిలబడిన ఖల్ఫాన్ నా వైపు వంగి చూశాడు.

"రాజా రో రహా హై," అన్నాడు.

వాద్యార్ వచ్చి నా మీద వంగాడు. "ఏడుస్తా ఉండావా?"

"రంగు కళ్ళలో పడింది వాద్యారే."

"డేయ్ కట్టియా."

"సగం రంగు."

ఆయన నన్ను చేయి పట్టి లేపాడు. "ఒక్కరన్నా ఏడిస్తే వస్తానంటిని. ఆ ఒక్కరు దుర్యోధనుడు కాకూడదని నేను చెప్పలేదు." నా కిరీటం తీసి మల్లయ్య నెత్తిన పెట్టాడు. "వచ్చే ఏడు ఇక్కడ నువ్వు దుర్యోధనుడివి. సిమెంటు ముట్టుకుంటే చేయి విరుస్తా."

ఖల్ఫాన్ నమాజుకు వెళ్ళే ముందు మాకు ఒక పళ్ళెం ఖర్జూరాలు పంపించాడు. నేను ఒకటి తిని గింజ ఊయబోతే వాద్యార్ నా దవడ పట్టుకున్నాడు.

"పారేయొద్దు. కడిగి దాచుకో. వైశాఖంలో, మూడో చుట్టు మొదలయ్యేటప్పుడు, నోట్లో పెట్టుకో."

గజ్జెల మూట ఆయన మంచం కింద పెట్టుకున్నాడు.

మళ్ళీ మా మైదానం

ఒమాను రాజుగారు నాకు ఇచ్చిన బహుమతి ఏదని ఊళ్ళో అందరూ అడిగారు. అమూల్యమైనదనీ, చూపించకూడదనీ చెప్పాను. అది ఈ గింజే.

వాద్యార్ భారతానికి వారం ముందు దిగాడు. వధ రోజు ఉదయం మట్టి దుర్యోధనుణ్ణి నేను స్వయంగా వేలితో గుచ్చి చూశాను. మెత్తగానే ఉంది. మూడో చుట్టులో, నేను ఎదురుచూసిన చోటే, ఆయన మోకాలు టక్కుమంది. ఒట్టు వేసి చెబుతున్నాను, అప్పుడు నా గొంతులోకి పోయినేటి దానికన్నా పది రెట్లు మంచి మాట వచ్చింది. అలాంటి మాట జన్మకొకసారి వస్తుంది. గింజ మీద పళ్ళు బిగించాను.

ఆయన కుంటుకుంటూ చుట్టు పూర్తి చేశాడు. భీముడు కొట్టాడు. తొడ పగిలింది. ముందు వరసలో ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆమె వెనక ఇంకొకరు, ఆ తర్వాత మైదానమంతా.

నేనూ ఏడ్చాను. గింజ కొరికితే పన్ను విరిగిందనీ, ఆ నొప్పికి కళ్ళ నీళ్ళు వచ్చాయనీ మా ఆవిడకు చెప్పాను.

పళ్ళన్నీ బాగానే ఉన్నాయి.